సూదిమొనంత రంధ్రం

నా మోటారు సైకిలు మా నాన్నగారు వాడి నాకు అప్పగించినది. నాలుగు మాసాలు వసారాలో కదలక నిలిచిన పిమ్మట, ఒకనాడు చోకు లాగితేనే పలికి, చోకు తీయగానే మూగవోయింది. దోషం కార్బురేటరులో ఉన్నదని గ్రహించాను.

ఆ చిన్న సాధనంలో జరిగే పని ముచ్చటైనది. ఇరుకైన మార్గంలో గాలి వేగం హెచ్చి ఒత్తిడి తగ్గుతుంది. అందుచేత క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్ల గుండా పైకెగసి గాలిలో కలుస్తుంది. ఆ ఇరుకుకు ఇటలీ భౌతికశాస్త్రజ్ఞుడు వెంటూరీ పేరే నిలిచింది. పూర్తిగా మండడానికి తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి కావలెను.

పెట్రోలు కుళాయి కట్టివేసి, నిప్పు దరిచేరని ఆరుబయట గిన్నె విప్పాను. ఆవిరైన పెట్రోలు విడిచిన జిగురు పైలట్ జెట్టును మూసివేసింది. తొందరపడి గుండుసూదితో పొడిచాను. ఇత్తడి మెత్తనిది, ఉక్కుసూదికి ఓర్వలేక రంధ్రం పెద్దదైంది. బండి కదిలింది గాని, స్పార్కు ప్లగ్గు మసిబారింది, పెట్రోలు ఖర్చు పెరిగింది. నాన్నగారు ముప్పది ఏండ్లు కాపాడినదాన్ని ఒక్క క్షణంలో చెడగొట్టాను కదా అని సిగ్గుపడ్డాను.

కొత్త జెట్టు, రబ్బరు వాషర్లు తెచ్చి మరల విప్పాను. ఈసారి సూది ముట్టలేదు. క్లీనరు చల్లి, దారులన్నిటా గాలి ఊదాను. రెండు జెట్లను వెలుగుకెత్తి చూడగా, కొత్తదానిలో చుక్కంత వెలుగు గుండ్రంగా, పాతదానిలో వంకరగా కనిపించింది. బిగించగానే బండి నిలకడగా పలికింది.

2020లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చిన పిమ్మట కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. ఆ పాత జెట్టు మాత్రం నా బల్లపై, విద్యార్థుల జవాబు పత్రాల ప్రక్కన ఉన్నది. ఎర్రసిరా కలం అందుకొనే ముందు దానిని ఒకసారి వెలుగుకెత్తి చూస్తాను.