కొత్త క్లచ్ వేశాం.. మరి కారు లాంచ్ స్పీడు పెరిగిందా?

120 వాట్ల చార్జర్ కొని, 33 వాట్లు మాత్రమే తీసుకునే ఫోన్‌కి పెడితే ఏమవుతుంది? 33 వాట్లే ఎక్కుతుంది. ముందు చక్రాలతో నడిచే కారుకి పెర్ఫార్మెన్స్ క్లచ్ వేయించడం కూడా చాలావరకు ఇలాంటిదే. క్లచ్ ఎంత గట్టిదైనా చివరికి రోడ్డుని పట్టుకోవాల్సింది ముందున్న రెండు టైర్లే. ఈ సంగతి నోటితో చెబితే మా బావ నమ్మలేదు. అందుకే జీపీఎస్ లాగర్ పెట్టి మరీ చూశాం.

కారు 2020 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ, 6 స్పీడ్ మాన్యువల్. కంపెనీ లెక్క ప్రకారం 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. బావ దీనికి ఈసీయూ రీమ్యాప్ చేయించాడు. అప్పట్నుంచి నాలుగో గేర్లో 2,000 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టాకోమీటర్ ముల్లు పైకి ఎగురుతోంది, స్పీడు మాత్రం పెరగట్లేదు. పెరిగిన టార్క్‌ని స్టాక్ క్లచ్ మోయలేక జారిపోతోందన్నమాట. కాబట్టి కొత్త క్లచ్ అవసరమే, అందులో వాదన లేదు. దానివల్ల లాంచ్ అదిరిపోతుందన్న నమ్మకం దగ్గరే మా ఇద్దరికీ తేడా వచ్చింది.

పెర్ఫార్మెన్స్ కిట్లలో ప్రెషర్ ప్లేట్ డిస్క్‌ని ఇంకా గట్టిగా నొక్కుతుంది. పెడల్ కాస్త బరువెక్కుతుంది. సెరామిక్ డిస్క్ అయితే ఆన్-ఆఫ్ స్విచ్ లాగా టక్కున పట్టేస్తుంది, ట్రాఫిక్‌లో ప్రాణం తీస్తుంది. మేం స్ప్రింగ్ హబ్ ఉన్న ఆర్గానిక్ డిస్క్ తీసుకున్నాం. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి ఇదే కరెక్ట్ అని నా అభిప్రాయం.

బిగించిన రోజు సాయంత్రమే ఫోన్. "రేయ్, ఓఆర్ఆర్ ఎక్కి ఒక్క లాంచ్ కొడదాం రా!"

"ముందు 800 కిలోమీటర్లు తిరుగు బావా, తర్వాత చూద్దాం."

కొత్త డిస్క్, ఫ్లైవీల్ ఒకదానికొకటి అరిగి సర్దుకోవాలి. దాన్నే బెడ్డింగ్ అంటారు. చాలా కిట్లకి దాదాపు 800 కిలోమీటర్ల సిటీ డ్రైవింగ్ చెబుతారు. విజయవాడ వెళ్లొచ్చి లెక్క సరిపోయిందంటే కుదరదు. హైవేలో క్లచ్ పట్టుకునే ఉంటుంది కాబట్టి రాపిడే ఉండదు. ఆగాలి, కదలాలి, మళ్లీ ఆగాలి. అమీర్‌పేట ట్రాఫిక్ జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. ఈ ఓపిక లేకుండా తొలిరోజే లాంచ్ కొడితే డిస్క్ అక్కడక్కడా వేడెక్కి మెరుపు తేలుతుంది, పట్టు పోతుంది. గేర్‌బాక్స్ దింపే లేబర్ మళ్లీ మొదటికొస్తుంది. ఇక పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ అంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ఉంది. మొదటిసారి దొరికితే 3 నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డే కోసం ఆగాం.

ఇక గ్యాడ్జెట్ల సంగతి. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే స్పీడు చెబుతుంది. లాంచ్‌లో అసలు కథంతా మొదటి 60 అడుగుల్లో, అంటే రెండున్నర సెకన్లలో అయిపోతుంది. ఫోన్ యాప్‌కి దొరికేది రెండు మూడు పాయింట్లే, అది పనికిరాదు. డ్రాగీ సెకనుకి 10 సార్లు, రేస్‌బాక్స్ మినీ 25 సార్లు రీడింగ్ తీసుకుంటాయి. మేం రేస్‌బాక్స్ వాడాం. దానికి తోడు ఓబీడీ పోర్టులో బ్లూటూత్ డాంగిల్. ఇప్పుడు మన దగ్గర ఇంజన్ ఆర్పీఎం, చక్రాల స్పీడు, కారు అసలు స్పీడు మూడూ ఉన్నాయి. ఆర్పీఎం పెరిగి చక్రాల స్పీడు పెరక్కపోతే క్లచ్ జారుతోంది. చక్రాల స్పీడు పెరిగి జీపీఎస్ స్పీడు పెరక్కపోతే టైర్లు జారుతున్నాయి. ఈ ఒక్క పోలిక తెలిస్తే మెకానిక్ దగ్గర సగం గొడవ తీరిపోతుంది.

మొదటి లాంచ్ బావ స్టైల్లోనే. 4,500 ఆర్పీఎం పెట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. పొగ, చప్పుడు, స్టీరింగ్ ఒకవైపు లాగడం అన్నీ వచ్చాయి. ఓబీడీలో 45 కిలోమీటర్లు, జీపీఎస్‌లో 15! 60 అడుగులకి 2.7 సెకన్లు. రీమ్యాప్ తర్వాత పాత క్లచ్‌తో ఇదే ట్రాక్‌లో తీసిన లాగ్ నా ఫోన్లో ఉంది, అది 2.5. బావ ముఖం చూడాలి అప్పుడు.

కారు ముందుకి దూకగానే బరువు వెనక్కి వెళ్తుంది. 1,100 కేజీల కారులో ముందు టైర్ల మీద సుమారు 680 కేజీలు ఉన్నాయనుకుంటే, గట్టి లాంచ్‌లో 110 కేజీల దాకా వెనక టైర్ల మీదకి పోతుంది. ఎప్పుడైతే పట్టు కావాలో సరిగ్గా అప్పుడే తగ్గుతుంది. వెనక చక్రాల కార్లకి ఇదే వరం, మనకి శాపం. స్టాక్ డిఫరెన్షియల్ ఓపెన్ టైపు కావడంతో ఒక టైరు జారితే రెండోదానికీ టార్క్ తగ్గిపోతుంది.

తర్వాత టైర్లు చల్లారనిచ్చి 2,800 దగ్గర పట్టుకున్నాం. పెడల్ కాటు వేసే చోటికి తెచ్చి, ఒక సెకను పాటు కొద్దికొద్దిగా వదులుతూ, కారు కదిలాకే యాక్సిలరేటర్ పెంచాలి. పెడల్ బరువుగా ఉండటంతో ఇది కుదరడానికి నాలుగు ప్రయత్నాలు పట్టింది. మధ్యలో 1,500తో కూడా చూశాం కానీ టర్బో ఇంకా లేవదు, కారు నీళ్లలో ఉన్నట్టు కదిలింది. 2,800తో వచ్చిన బెస్ట్ 2.4. అంటే పాతదాని కంటే ఒక్క పదోవంతు. దాన్ని కూడా నేను క్లచ్ ఖాతాలో వేయను, కాలి ఖాతాలోనే వేస్తా. క్లచ్ చేసిన మేలు మూడు, నాలుగు గేర్లలో కనిపించింది. అక్కడ ఆర్పీఎం గీత, స్పీడు గీత అతుక్కుని పైకి వెళ్లాయి. జారుడు పూర్తిగా పోయింది.

ఒక జాగ్రత్త. టైర్లు జారడం వేరు, దడదడా గెంతడం వేరు. గెంతుడు మొదలైతే వెంటనే కాలు తీసేయాలి. ఇంతకుముందు క్లచ్ జారి దెబ్బ తను తీసుకునేది, ఇప్పుడు జారదు కాబట్టి ఆ దెబ్బంతా డ్రైవ్‌షాఫ్ట్, సీవీ జాయింట్ల మీద పడుతుంది. ఒక్కో లాంచ్ తర్వాత కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిప్పి క్లచ్‌ని చల్లారనివ్వడం కూడా తప్పనిసరి. మాడిన వాసన వచ్చిందంటే ఆ రోజుకి ఆపేయడమే.

బావ ఇప్పుడు మెత్తటి కాంపౌండ్ టైర్ల రేట్లు చూస్తున్నాడు. నేనైతే ముందు ఇంజన్ కింద ఉండే డాగ్‌బోన్ మౌంట్‌కి గట్టి ఇన్సర్ట్ వేయమంటున్నా. టైర్లతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, గెంతుడు తగ్గుతుంది. వేశాక లాగ్ తీసి పెడతా.