చుక్క నీళ్లు తాగుతోందా?



మన స్టోర్ రూము పిల్లి చుక్క గురించి ఈ పది రోజుల్లో మూడు రకాల మాటలు విన్నాను. దానికి విరేచనాలు అవుతున్నాయి కాబట్టి గోనె సంచిలో వేసి గెడ్డ అవతల వదిలేద్దామని కొందరు. పాలు పోస్తే అదే బాగుపడుతుందని కొందరు. మన మందుల పెట్టెలోంచి జ్వరం మాత్ర సగం విరిచి వేద్దామని ఇంకొందరు. ఈ మూడూ పనికిరావు. ఎందుకు పనికిరావో, వాటి బదులు ఏం చూడాలో, ఏం చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. పశువుల డాక్టరు గారు చెప్పిన సంగతులు, పుస్తకాల్లో చదివినవి, మెస్ కమిటీ పని మీద రోజూ స్టోర్ తలుపు తీసేటప్పుడు నేను చూసినవి కలిపి రాశాను.

ముందు వదిలేయడం సంగతి. చుక్క ఊరికే కూర్చుని తినే పిల్లి కాదు. ఎలుక మన బియ్యం తినేది కొంచెమే, పాడు చేసేది చాలా ఎక్కువ. బస్తా కొరుకుతుంది, గింజల్లో పెంటికలు వేస్తుంది, మూత్రం పోస్తుంది. ఎలుక మూత్రం వల్ల మనుషులకి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, దాన్నే ఎలుక జ్వరం అంటారు. చుక్క ఉన్న స్టోర్‌కీ, లేని స్టోర్‌కీ తేడా ఏమిటో అక్కలని అడగండి, వాళ్లే చెబుతారు.

ఇక అసలు విషయం. పిల్లికి దాహం తక్కువ. ఇది దాని పుట్టుకలో ఉంది. ఇళ్లల్లో పెంచే పిల్లులన్నీ పశ్చిమాసియా, ఆఫ్రికా ఎండ ప్రాంతాల అడవి పిల్లుల సంతతేనని 2007లో జన్యు పరీక్షలు చేసి చెప్పారు. మనిషితో దాని స్నేహం కూడా పాతదే. సైప్రస్ అనే దీవిలో సుమారు 9,500 సంవత్సరాల కిందటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లిని పూడ్చి ఉండటం తవ్వకాల్లో బయటపడింది, ఆ సంగతి 2004లో ప్రకటించారు. నీళ్లు దొరకని చోట బతికిన జాతి కదా, దాని మూత్రపిండాలు ఉన్న నీటినే పొదుపుగా వాడుకుని మూత్రాన్ని బాగా చిక్కగా చేసి పంపుతాయి. కావలసిన నీళ్లు చాలావరకు తిండిలోంచే వస్తాయి. ఎలుక ఒంట్లో 70 శాతం దాకా నీరే ఉంటుంది. అందుకే పిల్లి కుక్కలాగా గిన్నె దగ్గరకి పరుగెత్తదు. అది నీళ్లు తాగడం మనం చూడలేదంటే దానికి నీళ్లు అక్కర్లేదని కాదు.

లెక్క చూద్దాం. పిల్లికి కిలో బరువుకి రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి. చుక్క 3 కిలోలు అనుకుంటే 150 మిల్లీలీటర్లు, అంటే మన స్టీలు గ్లాసు నిండా కూడా కాదు. 20 గ్రాముల చిట్టెలుకలు అయిదు తిన్న రోజున 70 మిల్లీలీటర్లు అక్కడే వచ్చేస్తాయి. ఉడికిన అన్నంలో కూడా నీరు బాగానే ఉంటుంది. చిక్కంతా పొడి తిండితోనే. సాయంత్రం మనం విసిరే బిస్కెట్లు, మరమరాలు, సంతలో తెచ్చే ఎండుచేపల తలకాయలు, ఇవి తిన్న రోజు తిండిలోంచి నీరు దాదాపు రాదు. ఎండుచేపలో ఉప్పు కూడా ఎక్కువ. పట్నంలో సంచుల్లో అమ్మే పిల్లి గింజల్లో కూడా 10 శాతమే నీరు ఉంటుందట. ఆ రోజుల్లో గిన్నెలో నీళ్లు తప్పకుండా ఉండాలి.

నీళ్లు చాలకపోతే ఏమవుతుంది? ఒళ్లు పెద్దపేగులోంచి నీటిని లాగేసుకుంటుంది. అప్పుడు మలం గట్టిపడి మేక పెంటికల్లాగా చిన్న చిన్న ఉండలుగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. మూత్రం మరీ చిక్కనై సంచిలో ఇసుకలాంటి రవ్వలు చేరవచ్చు. విరేచనాలు, వాంతులు అయినప్పుడు ఇంకా కష్టం. నీరు బయటకు పోతూ ఉంటుంది, పిల్లి మాత్రం దానికి తగ్గట్టు తాగదు. పెద్ద పిల్లి ఒకటి రెండు రోజులు తట్టుకుంటుంది గానీ, కళ్లు తెరిచిన చిన్న పిల్లలకి ఒక్క రోజు చాలు ప్రాణం మీదకి రావడానికి.

ఇప్పుడు పాలు. పిల్లి, పాలు అని సామెతల్లో, బొమ్మల్లో చూసి చూసి మనకి అలవాటైపోయింది. పసిగా ఉన్నప్పుడు తల్లి పాలు అరిగించుకునే లాక్టేజ్ అనే ఎంజైము పిల్లి పేగుల్లో బాగా ఉంటుంది. పెద్దదయ్యాక చాలా పిల్లుల్లో తగ్గిపోతుంది. అప్పుడు ఆవు పాలలోని చక్కెర అరగక పెద్దపేగులోకి పోతుంది, అక్కడ పులుస్తుంది, నీటిని తన వైపు లాక్కుంటుంది. ఫలితం విరేచనం. అంటే నీరు అందుతుందని మనం పోసే పాలు ఉన్న నీటిని బయటకు పంపిస్తాయి. పిల్లికి పాలు ఇష్టం కాదా అంటే ఇష్టమే. మనకి పచ్చి చింతకాయలు ఇష్టం కాదా?

మాత్రల సంగతి దీనికంటే ముఖ్యం. దయచేసి చిన్న తరగతుల తమ్ముళ్లకి ఇది చదివి వినిపించండి. మనకి జ్వరం వస్తే ఇచ్చే పారాసెటమాల్ పిల్లికి విషం. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, సగం మాత్ర అయినా ప్రమాదమే. ఆ మందుని విరిచి బయటకు పంపే శక్తి మన కాలేయంలో ఉంది, పిల్లి కాలేయంలో అది చాలా తక్కువ. మిగిలిపోయిన మందు రక్తాన్ని గోధుమ రంగుకి తిప్పేస్తుంది, ఆ రక్తం ప్రాణవాయువుని మోయలేదు. చిగుళ్లు నీలంగానో గోధుమగానో మారతాయి, మొహం వాస్తుంది, ఊపిరి ఆడదు. అందుకే మన పెట్టెలోని ఏ మాత్రా, ఏ సిరప్పూ పశువుల డాక్టరు చెప్పకుండా చుక్క నోట్లో వెయ్యొద్దు.

మరి మనం చూడాల్సినవి ఏమిటి? నోరు, తోలు, ఇసుక, బరువు.

నోరు చూడాలంటే చుక్క నిద్రమత్తులో పొయ్యి దగ్గర పడుకున్నప్పుడు పెదవి కొంచెం పైకెత్తాలి. చిగుళ్లు గులాబి రంగులో తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి జిగురుగా అంటితే నీరు తగ్గిందని గుర్తు. వేలితో చిగురు నొక్కి వదిలితే తెల్లబడి, 2 సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. మెడ వెనక తోలుని మెల్లగా పైకి పట్టి వదిలితే వెంటనే కిందకి వెళ్లిపోవాలి. గుడారంలాగా నిలబడి నెమ్మదిగా దిగితే ఒంట్లో నీరు లేనట్టే. అయితే ముసలి పిల్లికీ, బక్కచిక్కిన పిల్లికీ తోలు మామూలుగానే సాగిపోయి ఉంటుంది, కాబట్టి తోలు ఒక్కటే చూసి తేల్చేయకూడదు, చిగుళ్లతో కలిపి చూడాలి. కళ్లు లోపలికి పోయాయంటే అప్పటికే ఆలస్యం అయింది. కోపంగా ఉన్నప్పుడు ఈ పరీక్షలు పెట్టుకోవద్దు. కరిచినా గీరినా సబ్బుతో ధారగా పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, ఆ వెంటనే వార్డెన్ సారుకి చెప్పాలి. రేబిస్ టీకా సంగతి ఆసుపత్రిలో చూస్తారు. దాచొద్దు.

ఇక ఇసుక. నవ్వేవాళ్లు నవ్వండి, కానీ పిల్లి ఆరోగ్యం గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పేది దాని మలమే. స్టోర్ వెనక పాత రేకు తొట్టిలో ఇసుక పోసి పెట్టాం. రోజుకు ఒకసారి, గోధుమ రంగులో, ముద్దగా, ఆకారం నిలిచేటట్టు ఉంటే బాగున్నట్టు. నీళ్లగా ఉంటే ఎన్నిసార్లో లెక్కపెట్టాలి. తారులాగా నల్లగా, జిగటగా ఉంటే పొట్టలోనో చిన్నపేగులోనో రక్తం కారుతున్నట్టు. ఎర్ర రక్తం కనిపిస్తే పెద్దపేగు వైపు నుంచి. ఈ రెండింటిలో ఏది చూసినా అదే రోజు చెప్పాలి. తడిసిన ఇసుక ఉండలు రోజుకు రెండు నుంచి నాలుగు ఉంటాయి. ఒక్కటీ లేకపోతే అనుమానించాలి.

తోక కింద బొచ్చుకి బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దె పురుగు ముక్కలు. ఎలుకల్ని తినడం వల్ల ఒక రకం, బొచ్చులో ఎగిరి దూకే చిన్న పురుగుల్ని నాకి మింగడం వల్ల ఇంకో రకం వస్తాయి. సేమ్యాలాగా పొడుగ్గా తెల్లగా కక్కితే అవి ఏలిక పాములు. రెండింటికీ మందులున్నాయి, అయితే మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. పసరు పొయ్యడం వద్దు. మన పెద్దవాళ్ల మందులు మనకీ పశువులకీ పనిచేసినా, పిల్లి ఒళ్లు వేరని పైన రాశాను కదా.

ఎప్పుడో ఒకసారి గడ్డి తిని బొచ్చు ఉండ కక్కితే భయం లేదు. ఒళ్లు నాక్కునే జంతువు కాబట్టి బొచ్చు లోపలికి పోతూనే ఉంటుంది. ఒకే రోజులో రెండు మూడుసార్లు కక్కినా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా ఊరుకోకూడదు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, ఒంట్లో కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుని అదే ఇంకో జబ్బు అవుతుంది. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అనే మాట పిల్లి విషయంలో నిజం కాదు.

చుక్క కొడుకు గండు గురించి ఒక ముక్క వేరుగా చెప్పాలి. మగ పిల్లికి మూత్రం దారి సన్నం. రవ్వలు అడ్డుపడితే మూత్రం ఆగిపోతుంది. అది ఇసుకలో మళ్లీ మళ్లీ కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, వెనక భాగం నాక్కుంటుంది. చూసేవాళ్లకి మలబద్ధకంలా కనిపిస్తుంది. ఇసుకలో తడి ఉండ లేకుండా ఇలా ముక్కుతుంటే అర్ధరాత్రి అయినా సారుని లేపండి. రెండు మూడు రోజుల్లో చచ్చిపోయే జబ్బు ఇది.

బరువు సంగతి సులువు. బియ్యం తూచే కాటా మీద గంప ఒక్కటే తూచి, తర్వాత చుక్కతో కలిపి తూచి తీసివేయాలి. దసరా సెలవుల ముందు 3 కిలోలు ఉన్నది పోయిన వారం 2 కిలోల 700 గ్రాములకి దిగింది. 300 గ్రాములేగా అనిపిస్తుంది, కానీ అది దాని బరువులో పదోవంతు. 50 కిలోల మనిషి 5 కిలోలు తగ్గినట్టు. ఆ అంకె చూసే వార్డెన్ సారు ఒప్పుకున్నారు. కింద ఊళ్లో మేకలకి టీకాలు వెయ్యడానికి వచ్చిన డాక్టరు గారి దగ్గరకి గంపలో తీసుకెళ్లాం. ఆయన తోలు పట్టి చూసి, మెడ దగ్గర తోలు కింద సెలైన్ ఎక్కించారు. అక్కడ మూపురంలా ఉబ్బింది, సాయంత్రానికి ఒంట్లోకి పీల్చుకుపోయింది. పురుగుల మందు ఇచ్చారు, పాలు పూర్తిగా మానిపించమన్నారు. మూడో రోజుకి ఇసుకలో ముద్ద కనిపించింది. బరువు మాత్రం ఇంకా పెరగలేదు.

సిరంజితో, ఉగ్గుగిన్నెతో నీళ్లు బలవంతంగా పొయ్యొద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతాయట. దాని బదులు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడని కోడి ఉడికించిన నీళ్లు అన్నంలో గుజ్జుగా కలిపి పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడు చేస్తాయి, అందుకే మన సాంబారు అన్నం దానికి వద్దు. పప్పన్నం మీదే పిల్లి బతకదు కూడా. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లి గుండె దెబ్బతింటుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. ఎలుకలు పట్టే పిల్లికి అది ఎలుకల్లోనే దొరుకుతుంది.

నీళ్ల గిన్నె వెడల్పుగా ఉండాలి, తిండికీ ఇసుకకీ దూరంగా ఉండాలి. మన మట్టి మూకుడు బాగుంటుంది. పొద్దున ఒక గ్లాసు కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలవాలి. చలికాలం మన కొండల మీద నీళ్లు మంచులా ఉంటాయి, కాబట్టి కొంచెం గోరువెచ్చగా పొయ్యండి. మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతున్నా రాయండి. మూత్రపిండాలు పాడైనప్పుడు, చక్కెర జబ్బు వచ్చినప్పుడు అలా తాగుతుంది.

వార్డెన్ సారుకి రెండు మనవులు. స్టోర్లో ఎలుకల మందు పెట్టించవద్దు. మందు తిన్న ఎలుకని తింటే చుక్క కూడా పోవచ్చు, కాబట్టి మందైనా ఉండాలి, పిల్లయినా ఉండాలి. రెండోది ఫినాయిల్. అది పాదాలకి అంటితే పిల్లి నాక్కుంటుంది, లోపలికి పోతే విషమే. నేల కడిగిన రోజు బాగా ఆరేదాకా తలుపు మూసి ఉంచితే చాలు.

ఇసుక ప్రతిరోజూ తియ్యాలి. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే క్రిమి మనకి అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. వట్టి కాళ్లతో ఆ చోట తిరగొద్దు, కొంకి పురుగు పిల్లలు పాదాల తోలులోంచి దూరతాయి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. కడుపుతో ఉన్న అక్కలు ఈ పని అసలు చెయ్యకూడదు, వాళ్ల వంతు మేం చేస్తాం.

స్టోర్ తలుపు వెనక ఒక కాగితం అంటించాను. తేదీ పక్కన నీళ్లు, తిండి, ఇసుక, చిగుళ్లు అని నాలుగు గడులు ఉన్నాయి. ఈ వారం వంతు ఎనిమిదో తరగతి వాళ్లది, వచ్చే వారం తొమ్మిది. ఆదివారం తూకం. కాటా తాళం చెవి సారు దగ్గర ఉంటుంది, స్టడీ అవర్‌కి ముందే అడిగి తీసుకోండి.