గోగ్రహణంలో రాని దుఃఖం

కురుక్షేత్రంలో అర్జునుడు గాండీవం జారవిడిచిన కథ అందరికీ తెలిసిందే. ఎదుట భీష్ముడు, ద్రోణుడు. వారిమీద బాణం ఎలా వేయడమని విలపించాడు. కాని అంతకు కొద్దికాలం ముందే, విరాటుని ఆవుల కోసం ఆ భీష్మునితో, ఆ ద్రోణునితో ఒక్కడే పోరాడినవాడు అతడే గదా! అప్పుడు పారిపోబోయిన ఉత్తరుణ్ణి పట్టి తెచ్చి, ధైర్యం చెప్పి, సారథిగా కూర్చోబెట్టాడు కూడాను.

అక్కడ తరిమితే చాలు, ఇక్కడ తనవాళ్లను చంపాలి అనవచ్చు. చిక్కంతా ఆ 'తన' అన్న మాటలోనే ఉంది. నేను వీరివాణ్ణి, వీరు నావారు అనుకోవడమే ఆ శోకానికి మూలమని శంకరాచార్యులు గీతాభాష్యంలో తేల్చారు.

నాకు వింతగా తోచేది మరొకటి. అర్జునుడు చంపలేనని ఊరుకోలేదు. కులధర్మాలు, పితృదేవతలు, పిండోదకాలు అంటూ శాస్త్రం ఎత్తుకున్నాడు. మమకారం ఒంటరిగా రాదు, ప్లీడరును వెంటబెట్టుకుని వస్తుంది.

ఆ ప్లీడరు నా దగ్గరకూ వచ్చాడు. ఒక ఏడు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తెలిసిన దస్తూరి కనబడింది. నాకిష్టమైన శిష్యుడిది. సంధి పేరు తప్పు రాశాడు. విడదీయడం సరిగానే ఉంది గదా, సగం మార్కు న్యాయమే అనుకుని వేసేశాను. తర్వాతి పేపర్లోనూ అదే తప్పు. సున్నా చుట్టబోయి ఆగాను. ఆ రాత్రి కట్ట విప్పి మొదటినుంచీ చూడవలసి వచ్చింది. సగం మార్కు రావలసినవాళ్లు ఇంకా నలుగురు తేలారు.