తెలిసి తెలిసి ఎందుకు చేస్తారు? బండి, దోస్తులు, పదహారేళ్ల మెదడు

"వాడికి చెప్పని రోజు లేదు భాయ్. అన్నీ తెలుసు. అయినా అదే చేస్తాడు."

నాగల్‌గిద్ద మండలంలో పదో తరగతో ఇంటరో చదివే కొడుకున్న ఏ తండ్రిని కదిపినా ఈ మాటే వస్తుంది. కర్ణాటక బార్డర్ మండలం కాబట్టి ఒకరు తెలుగులో అంటారు, ఒకరు ఉర్దూలో, మరొకరు కన్నడలో. చాలాసార్లు గొడవ బండి దగ్గరే మొదలవుతుంది. హెల్మెట్ లేకుండా, లైసెన్స్ లేకుండా, వెనకాల ఇద్దరిని ఎక్కించుకొని పోయిండు అని. తండ్రికి అది పొగరులా కనబడుతుంది. తల్లి మాత్రం చెడు సావాసం అంటుంది.

ఆ తండ్రి మాటలో రెండు ముక్కలున్నాయి. 'అన్నీ తెలుసు' ఒకటి, 'అయినా చేస్తాడు' రెండోది. శాస్త్రం ప్రకారం రెండూ నిజమే. ఒకదానికొకటి అడ్డం కూడా రావు.

2019లో 11 దేశాల్లో 5 వేల మందికి పైగా మీద చేసిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో మన దేశం కూడా ఉంది. 10 ఏళ్ల పిల్లల నుంచి 30 ఏళ్ల వాళ్ల దాకా పరీక్షించారు. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే తర్కం, జ్ఞాపకశక్తి లాంటి విషయాల్లో 16 ఏళ్ల వాళ్లు పెద్దవాళ్లతో సమానంగా వచ్చారు. కానీ ఉద్రేకాన్ని ఆపుకోవడం, ముందు వెనక చూసుకోవడం, ప్రమాదానికి ఎదురుపోకుండా ఉండడం అనే విషయాల్లో ఎదుగుదల 18 దాటాక కూడా సాగుతూనే ఉంది. అంటే పదహారేళ్ల పిల్లవాడికి తెలివి తక్కువ కాదు. ఇంట్లో మంచం మీద కూర్చున్నప్పుడు ఉన్న తెలివి, రోడ్డు మీద వేడిలో చేతికి అందదు. అదీ తేడా.

మెదడు వెనక నుంచి ముందుకు తయారవుతూ వస్తుంది. చూపు, కదలిక చూసుకునే భాగాలు ముందు సిద్ధమవుతాయి. నుదుటి వెనకాల ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నింటికన్నా ఆలస్యం. ఆగు, ఆలోచించు, తర్వాత ఏమవుతుందో చూడు అని చెప్పే భాగం అదే. అది పూర్తిగా కుదురుకునే సరికి ఇరవై అయిదేళ్ల దగ్గరికి వస్తాయి. అమెరికాలో జే గీడ్ అనే శాస్త్రవేత్త బృందం అవే పిల్లల మెదళ్లను కొన్నేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ ఎమ్మారై తీసి 1999లో ఒక సంగతి చెప్పింది. ఈ ముందు భాగంలో బూడిద పదార్థం ఆడపిల్లల్లో 11 ఏళ్లకు, మగపిల్లల్లో 12 ఏళ్లకు అటు ఇటుగా బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వస్తుందట. తగ్గడం అంటే చెడిపోవడం కాదు. మన రైతులకు ఇది చెప్పక్కర్లేదు. జొన్న ఒత్తుగా మొలిస్తే కొన్ని మొక్కలు పీకేసి పలచన చేస్తాం, మిగిలినవి గట్టిపడతాయి. మెదడు కూడా వాడని కనెక్షన్లు తీసేస్తుంది, వాడేవాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుడుతుంది. కరెంటు వైరుకు తొడుగు వేసినట్టు. దాంతో కబురు వేగంగా పోతుంది.

సంతోషం, భయం, 'వాహ్' అనిపించుకోవాలనే ఆరాటం చూసుకునే లోపలి భాగాలు మాత్రం అంతదాకా ఆగవు. వయసుకు రాగానే అవి జోరందుకుంటాయి. డోపమైన్ అనే రసాయనం అక్కడ బలంగా పనిచేస్తుంది. నేను కామర్స్ చదివినోణ్ణి, నాకు అర్థమైన తీరులో చెప్తాను: ఈ వయసు పిల్లలు నష్టం కాలమ్ రాయకుండా ఉండరు, రాస్తారు. కాకపోతే లాభం కాలమ్‌లో అంకె చాలా పెద్దదిగా పడుతుంది.

ఆ అంకెను పెంచేది దోస్తులు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట పెట్టి చూశారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడితే ఒక తీరు. ఇద్దరు దోస్తులు పక్కన నిలబడి చూస్తుంటే వాళ్లు తీసుకున్న రిస్కు రెండింతలు దాటింది. 24 ఏళ్లు దాటిన వాళ్లలో ఎవరు చూసినా, చూడకపోయినా పెద్ద తేడా లేదు. 2011లో ఇలాంటి ఆటనే స్కానింగ్ మిషన్‌లో ఆడించారు. దోస్తులు చూస్తున్నారని తెలిసినప్పుడు టీనేజర్ల మెదడులో బహుమతికి స్పందించే చోటు ఎక్కువగా వెలిగింది. దోస్తులు 'కొట్టు, కొట్టు' అని ఎగదోయనక్కర్లేదు. చూస్తే చాలు.

హైదరాబాద్‌లో జాగ్నే కీ రాత్ సంగతి మన పాఠకులకు తెలుసు. షబే బరాత్, షబే మేరాజ్ రాత్రుల్లో మసీదుల్లో ఇబాదత్ నడుస్తుంటే, కొందరు పిల్లలు బైకుల మీద రేసులకు దిగుతారు. ఉలమాలు బయాన్‌లో ఏళ్లుగా చెప్తూనే ఉన్నారు. ఆ పిల్లల్లో చాలామంది ఆ బయాన్ విన్నవాళ్లే అయ్యుంటారు. రాత్రి, చేతిలో బండి, చుట్టూ దోస్తులు – మూడూ ఒక్కచోట కలిస్తే విన్నది పనిచేయదు. అందుకే పోలీసులు ఆ రాత్రుల్లో నెక్లెస్ రోడ్డు, చాలా ఫ్లైఓవర్లు మూసేస్తున్నారు. మనల్ని అనుమానిస్తున్నారని కొందరికి కష్టంగా ఉంటుంది, అది అర్థం చేసుకోదగిందే. కానీ మెదడు సంగతి తెలిశాక నాకు అది సరైన పద్ధతే అనిపిస్తుంది. వేడిలో ఉన్న పిల్లవాడికి పాఠం చెప్పడం కన్నా రోడ్డు మూయడం తేలిక.

అమెరికా రాష్ట్రాలు చేసింది కూడా అదే. కొత్తగా లైసెన్స్ వచ్చిన టీనేజర్లు రాత్రి నడపకూడదని, తోటి వయసు వాళ్లను ఎక్కించుకోకూడదని రూల్ పెట్టారు. ఆ వయసువాళ్ల ప్రాణాలు పోయే ప్రమాదాలు తగ్గాయి.

మన దగ్గర ఫ్లైఓవర్ లేదు మూయడానికి. ఉన్నది తాళం చెవి. బస్సు అందకపోతే నారాయణఖేడ్ పోవాలన్నా, చేనుకు మందు డబ్బా తేవాలన్నా బండే దిక్కు. తండ్రి పనిలో ఉంటే కొడుకే పోతాడు. ఇది అవసరం, కాదనలేం. అయితే పదిహేనేళ్ల పిల్లవాడు పగటి పూట ఒక్కడే చేనుకు పోవడం, అదే పిల్లవాడు రాత్రి తొమ్మిదికి ఇద్దరు దోస్తులతో దాబాకు పోవడం ఒకటి కాదు. చట్టానికి మాత్రం రెండూ నేరమే. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలైన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి నేరం చేస్తే తండ్రి లేదా బండి ఓనరు బాధ్యుడు. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, 12 నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 'మా వాడు బాగా నడుపుతాడు' అనేది జవాబు కాదు. చేతులు బాగానే నడుపుతాయి, గొడవ చేతులతో కాదు.

వేడి అంటే ఉత్సాహమే కాదు, అవమానం కూడా. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల్లో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది సున్నా వేశారు. 3 లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. ఆ రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. దీన్ని పిల్లల మెదడు మీదకు తోసేస్తే అన్యాయం. తప్పు మొదట వ్యవస్థది. ఇలాంటి చావుకు ఏ ఒక్క కారణమో చూపించడం కూడా కుదరదు. కానీ సప్లిమెంటరీ ఉంటుందని, రీవెరిఫికేషన్ ఉంటుందని తెలిసిన పిల్లలకు కూడా ఆ గంటలో రేపు అనేది కనబడకపోవచ్చు. నుదుటి వెనక భాగం చేసే పని ఆ రేపును చూపించడమే. కాబట్టి రిజల్టు రోజు పిల్లను, పిల్లవాణ్ణి ఒంటరిగా వదలొద్దు. పక్కింటివాళ్ల మార్కుల ముచ్చట ఆ రోజుకు వద్దు.

సంబంధం విషయంలో కూడా ఇదే. పదహారేళ్ల ఆడపిల్లను ఫుప్పూలు, ఖాలాలు, వచ్చిన చుట్టాలు అందరి ముందు 'నీకిష్టమేనా బేటీ' అని అడిగితే వచ్చే 'హా' ఎంత విలువైందో ఆలోచించాలి. 18 దాకా చట్టమే ఒప్పుకోదు. 18 తర్వాతైనా ఒంటరిగా, నిదానంగా, రెండు మూడు సార్లు అడగాలి.

మనలో ఒక మాట ఉంది, బాలిగ్ అయ్యాక ఇంకా పిల్లవాడేంటి, నమాజు ఫర్జ్ అయింది కదా అని. నిజమే, ఫర్జ్ అయింది. కానీ అనాథల ఆస్తి గురించి సూరా నిసా చెప్పే చోట ఈడు రావడం ఒకటి, వాళ్లలో రుష్ద్, అంటే వివేకం కనబడడం మరొకటి. రెండూ చూశాకే ఆస్తి అప్పగించమని ఆదేశం. వివేకం రాని వాడి ఆస్తిని 25 ఏళ్ల దాకా ఆపొచ్చని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఈ 25ను ఆ స్కానింగ్ 25తో ముడిపెట్టి గొప్పలు చెప్పుకోవడం నాకిష్టం లేదు, అది ఫిఖ్ మాట, ఇది వైద్యం మాట. ఈడుకు రావడం, వివేకం రావడం ఒకే రోజు జరగవని మన పెద్దలకు తెలుసు, అంతవరకే.

నిద్ర గురించి కూడా ఒక ముక్క. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, వాళ్లకు కావలసిన నిద్రేమో 8 నుంచి 10 గంటలు. ఫజర్‌కు లేవని కొడుకును సోమరి అనే ముందు రాత్రి ఫోను ఎన్నింటికి పక్కన పెట్టాడో చూడండి. నిద్ర తక్కువైన మరునాడు ఆ ఆపే భాగం ఇంకా నీరసంగా ఉంటుంది.

మరి అన్నింటికీ మెదడే అంటే పిల్లల తప్పు ఏమీ లేదా? ఉంది. ఒకే వయసు పిల్లలందరూ రేసులకు పోవడం లేదు. మెదడు వాడుకున్న దారినే గట్టి చేసుకుంటుంది కాబట్టి చిన్న చిన్న నిర్ణయాలు వాళ్ల చేతికి ఇవ్వాల్సింది కూడా ఇప్పుడే. విత్తనాల లెక్క రాయమనండి, ఇంటి సరుకుల డబ్బులు చేతికివ్వండి, తప్పితే తప్పనివ్వండి. ప్రాణం మీదకు వచ్చేవి మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. మగ్రిబ్ తర్వాత తాళం చెవి తండ్రి జేబులో. బండి మీద ఇంకో పిల్లవాడు ఎక్కొద్దు. గొడవైతే ఆ రాత్రి తేల్చొద్దు, పొద్దున చాయ్ దగ్గర మాట్లాడండి. దోస్తుల ముందు మాత్రం తిట్టొద్దు, అప్పుడు వాడు మీతో కాదు, వాళ్లు చూస్తున్నారని మాట్లాడతాడు.

పిల్లలు తిండి మానేసినా, ఎవరితో మాట్లాడకపోయినా, బతకడం వేస్టు అన్నట్టు మాట్లాడినా పొద్దుటిదాకా ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.