లెగో మూవీ 2 వీడియో గేమ్: పిల్లలకు కొనే ముందు తెలుసుకోవాల్సిన మంచీ చెడూ

సంతబొమ్మాళి, టెక్కలి, పలాస వైపు చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. ఈద్‌కు వచ్చే ముందు ఫోన్ చేసి "పిల్లలకి ఏం తేను?" అని అడుగుతాడు. ఒకప్పుడు చాక్లెట్లు, ఖర్జూరాలు, ఒక బొమ్మ కారు అంటే సరిపోయేది. ఇప్పుడు పిల్లలు ఆట పేరు చెప్పి మరీ అడుగుతున్నారు. అలా అడిగే పేర్లలో లెగో ఆటలు ఉంటాయి. రంగురంగుల ఇటుక బొమ్మలు కనిపిస్తాయి, రక్తం ఉండదు, తుపాకీ మోతలు పెద్దగా ఉండవు. అందుకే పెద్దవాళ్లు కూడా "ఇదైతే పర్లేదు" అనుకుంటారు.

కానీ లెగో పేరున్న ఆటలన్నీ ఒకలా ఉండవు. 2019లో వచ్చిన 'ది లెగో మూవీ 2 వీడియోగేమ్' సంగతే చూస్తే, కొన్ని విషయాల్లో అది మొదటి ఆటకంటే మెరుగు, కొన్నింట్లో బాగా వెనక. ఆ తేడా తెలియకుండా కొంటే డబ్బు దండగ అవుతుంది. తెలిసి కొంటే అన్నాచెల్లెళ్లకు కలిసి కూర్చునే ఆట దొరుకుతుంది.

కొయ్య బొమ్మల నుంచి తెర మీదికి

లెగో డెన్మార్క్ కంపెనీ. బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో దీన్ని మొదలుపెట్టాడు. మొదట చేసినవి కొయ్య బొమ్మలు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే రెండు మాటలు కలిపి లెగో అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంట్ తీసుకున్నారు. ఒకదానిలో ఒకటి గట్టిగా పట్టుకోవడం, మళ్లీ తేలిగ్గా ఊడి రావడం, ఇదే ఆ ఇటుక గొప్ప. చిన్న మనిషి బొమ్మలు 1978లో వచ్చాయి.

వీడియో గేమ్‌ల వైపు వస్తే, ఇంగ్లండ్‌కు చెందిన ట్రావెలర్స్ టేల్స్ సంస్థ 2005లో 'లెగో స్టార్ వార్స్' ఆట చేసింది. సినిమా కథను ఇటుక బొమ్మలతో నవ్విస్తూ చెప్పడం, ఇద్దరు కలిసి ఆడటం అందరికీ నచ్చింది. ఆ తర్వాత హ్యారీ పాటర్, ఇండియానా జోన్స్, బ్యాట్‌మ్యాన్, ఇలా వరుసగా వచ్చాయి. మొదట్లో ఈ ఆటల్లో బొమ్మలు మాట్లాడేవి కావు. మూలుగుతూ, చేతులు తిప్పుతూ, మూకాభినయంతో కథ నడిపించేవి. భాష రాని పిల్లాడికి కూడా కథ అర్థమయ్యేది. 2012లో 'లెగో బ్యాట్‌మ్యాన్ 2'తో బొమ్మలకు మాటలు వచ్చాయి.

సినిమా చెప్పింది ఇంటి కథే

2014లో 'ది లెగో మూవీ' వచ్చింది. అందులో ఒక తండ్రి తన ఇటుకల నగరాన్ని ఎవరూ కదపకుండా జిగురుతో అంటించేయాలనుకుంటాడు. కొడుకు మాత్రం వాటితో ఆడుకోవాలనుకుంటాడు. చివరికి తండ్రి మెత్తబడతాడు కానీ, ఇకమీదట చెల్లెలు కూడా అక్కడే ఆడుకుంటుందని అంటాడు. రెండో సినిమా ఈ చివరి మాట దగ్గర మొదలవుతుంది.

2019 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగంలో, ఇటుకల లోకంలోకి ఎక్కడి నుంచో వచ్చిన వాళ్లు అంతా పడగొడతారు. ఎమ్మెట్ అనే అమాయకుడు తన స్నేహితురాలు లూసీని, మిగతా వాళ్లను విడిపించడానికి బయలుదేరతాడు. పైకి ఇది అంతరిక్ష యుద్ధం. అసలు జరుగుతున్నది ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ల గొడవ. చెల్లెలు ఆడుకోవడానికి వస్తే అన్నకు అది దండయాత్రలా కనిపిస్తుంది. గొడవ ముదిరేసరికి తల్లి విసిగిపోయి బొమ్మలన్నీ డబ్బాలో పెట్టేయమంటుంది. ఇది అర్థం కావడానికి డెన్మార్క్ వెళ్లక్కర్లేదు. ఒక టీవీ, ఇద్దరు పిల్లలు ఉన్న ప్రతి ఇంట్లోనూ రోజూ జరిగేదే.

ఆటలో బాగున్నవి

సినిమా వచ్చిన కొద్ది రోజులకే, అదే ఫిబ్రవరి చివర్లో ఆట ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, కంప్యూటర్ల మీద వచ్చింది. నింటెండో స్విచ్ మీద మార్చిలో వచ్చింది.

మొదటి మంచి, కట్టే స్వేచ్ఛ. 2014 నాటి ఆటలో దారి ముందే గీసి ఉంటుంది. ఒక ఘట్టం తర్వాత ఇంకో ఘట్టం. ఎక్కడ ఏం కట్టాలో ఆటే చెబుతుంది. రెండో ఆటలో అలా కాదు. 2017లో ఇదే సంస్థ చేసిన 'లెగో వరల్డ్స్' పద్ధతిని తీసుకుని, ఒక్కో లోకాన్ని విశాలంగా తెరిచి పెట్టారు. పిల్లలు తిరుగుతూ వస్తువులు పగలగొట్టి రంగురంగుల ఇటుకలు పోగేస్తారు. వాటితో తమకు దొరికిన నమూనాలను కావలసిన చోట నిలబెడతారు.

రెండో మంచి, ఇద్దరూ ఒకే టీవీ మీద ఆడొచ్చు. తెర రెండుగా చీలుతుంది. ఆట మధ్యలో రెండోవాళ్లు చేరొచ్చు, మధ్యలోనే లేచి వెళ్లొచ్చు. మగ్రిబ్ అజాన్ వినిపిస్తే ఆట అక్కడే ఆపి లేవొచ్చు, తోటివాడు ఓడిపోతాడన్న గొడవ ఉండదు. పైగా ఇది ఇంట్లో పక్కపక్కన కూర్చుని ఆడేదే. నెట్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లతో మాటలు కలిపే ఏర్పాటు లేదు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు.

మూడోది, ఓటమి భయం లేకపోవడం. బొమ్మ చితికిపోతే కొన్ని నాణేల్లాంటివి రాలతాయి, బొమ్మ మళ్లీ అక్కడే లేస్తుంది. ఆరేళ్ల చెల్లెలు పన్నెండేళ్ల అన్నతో కలిసి ఆడినా ఏడవాల్సిన పని ఉండదు. తర్వాత 'గెలాక్టిక్ అడ్వెంచర్స్' పేరుతో మరికొన్ని అదనపు లోకాలు ఉచితంగా ఇచ్చారు.

నిరాశపరిచేవి

పెద్ద లోపం కథ దగ్గరే ఉంది. మొదటి ఆటలో సినిమాలోని దృశ్యాలు, మాటలు అలాగే వాడారు. సినిమా చూసిన పిల్లలకు అది మళ్లీ కళ్ల ముందు కదిలేది. రెండో ఆటలో ఆ సందడి లేదు. కథను ఎక్కువగా ఒక వ్యాఖ్యాత చెప్పుకుపోతాడు. పాత్రల మాటలు చాలావరకు తెర మీద అక్షరాలుగానే వస్తాయి. సినిమాకు ప్రాణమైన అన్నాచెల్లెళ్ల సంగతికి ఆటలో దాదాపు చోటే లేదు. సినిమా చూడనివాళ్లకు ఈ ఆట "ఎందుకు తిరుగుతున్నాం, ఎవరి కోసం?" అన్న ప్రశ్నగా మిగిలిపోతుంది.

రెండో లోపం, పని ఒకటే మళ్లీ మళ్లీ. ఒక లోకంలోకి వెళ్లాలి, అక్కడివాళ్లు అడిగింది తెచ్చివ్వాలి, లేదా కట్టివ్వాలి, లేదా శత్రువుల్ని కొట్టాలి. బదులుగా 'మాస్టర్ పీస్' అనే ఇటుకలు దొరుకుతాయి. అవి తగినన్ని పోగైతేనే తర్వాతి లోకాల తలుపు తెరుచుకుంటుంది. మొదటి రెండు మూడు లోకాల్లో సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత లోకం రంగు మారుతుంది గానీ పని మారదు. పాత లెగో ఆటల్లో బుర్రకు పెట్టిన చిక్కులు, ఘట్టం చివర వచ్చే మలుపులు ఇందులో బాగా తగ్గాయి. ఈ ఆట మొదటిదానికంటే తగ్గిందని సమీక్షకుల్లో చాలామంది అన్నది ఇందుకే.

మూడోది, మూసి ఉన్న పెట్టెలు. కొత్త పాత్రలు, బండ్లు, కట్టడాల నమూనాలు చాలావరకు ఇలాంటి వాటిలోంచే వస్తాయి. లోపల ఏముందో తెరిచే దాకా తెలియదు. వీటికి అసలు డబ్బు కట్టక్కర్లేదు, ఆటలో దొరికినవే. అయినా "ఇంకొక్కటి తెరుస్తా అమ్మీ" అనే అలవాటు పిల్లల్లో ఇక్కడే పట్టుకుంటుంది. ఫోన్‌లో డబ్బులు గుంజే ఆటల్లో నడిచేదీ ఇదే ఆశ. ఇక్కడ ఖర్చు లేదు కదా అని వదిలేయకుండా, ఆ తేడా పిల్లలకు విడమరిచి చెప్పడం మంచిది.

మన ఇళ్లలో ఎదురయ్యే చిక్కులు

ముందుగా ఫోన్ సంగతి. ఈ రెండో ఆట మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ కోసం చేసింది కాదు. కన్సోల్ గానీ, ఆటలు లాగగలిగే కంప్యూటర్ గానీ ఉండాలి. అదే పేరుతో "ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి" అని నెట్‌లో లింకు కనిపిస్తే నొక్కకూడదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌లోనే బ్యాంకు, యూపీఐ, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు వివరాలు అన్నీ ఉంటాయి. తెలియని చోటి నుంచి దించిన ఆట వల్ల ఆ ఫోన్‌కే ముప్పు.

తర్వాత భాష. ఆటలో తెలుగు లేదు, ఉర్దూ లేదు. పాత లెగో ఆటల్లో మూకాభినయం ఉండేది కాబట్టి భాష అడ్డు రాలేదు. ఇందులో ఎవరికి ఏం కావాలో ఇంగ్లిష్‌లో చదివితేనే తెలుస్తుంది. చిన్న పిల్లాడిని ఒంటరిగా కూర్చోబెడితే అరగంటలో విసుగొచ్చి వదిలేస్తాడు. అదే ఆపా పక్కన కూర్చుని, "వీడికి గుర్రం కావాలంట, నీ దగ్గర ఇటుకలున్నాయా?" అని చదివి చెబితే ఆట సాగుతుంది. చదివే పిల్లకు కూడా నాలుగు ఇంగ్లిష్ ముక్కలు అలవాటవుతాయి. లోపమే అయినా, ఇద్దరుంటే దాన్ని దాటొచ్చు.

మూడోది, రెండో కంట్రోలర్. చాలామంది ఆట కొంటారు గానీ కంట్రోలర్ ఒకటే ఉంటుంది. అప్పుడు ఈ ఆటలోని అన్నిటికంటే మంచి గుణమే పోతుంది. ఒకడు ఆడతాడు, ఇంకొకరు అలిగి కూర్చుంటారు. సరిగ్గా సినిమాలో జరిగిన గొడవే. ఆట కొత్తది కొనేకంటే పాత డిస్క్ తక్కువ ధరకు చూసుకుని, మిగిలిన డబ్బు రెండో కంట్రోలర్‌కు పెట్టడం మేలు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

సినిమా కథే మళ్లీ ఆడాలనుకునే పిల్లలకు 2014 నాటి మొదటి ఆటే మంచిది. ఒంటరిగా ఆడే పెద్ద పిల్లాడికి రెండోది త్వరగా మొహం మొత్తుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, ఒకరికి ఇంగ్లిష్ చదవడం వచ్చి, కలిసి ఏదో ఒకటి కట్టడం ఇష్టమైతే రెండో ఆట ధరకు న్యాయం చేస్తుంది. ఐదేళ్ల లోపు వాళ్లకు ఏ ఆటా అక్కర్లేదు. ఒక డబ్బాడు ప్లాస్టిక్ ఇటుకలు చాలు, లెగోవే కానక్కర్లేదు. కరెంటు పోయినా ఆ ఆట ఆగదు.

కానుక ఇచ్చేటప్పుడు ఇస్లాం నేర్పిన మాట ఒకటుంది. నుమాన్ బిన్ బషీర్ (రజి) గారి తండ్రి ఆయనకొక కానుక ఇచ్చి, దానికి సాక్ష్యం కోసం ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. మిగతా పిల్లలకు కూడా ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదని తెలిశాక పిల్లల మధ్య న్యాయం పాటించమని చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఈ హదీసు ఆటబొమ్మకూ వర్తిస్తుంది. "భాయి కోసం తెచ్చిన ఆట" అని ఇస్తే చెల్లెలు ఎప్పటికీ అడిగి ఆడాల్సిందే. "మీ ఇద్దరిదీ" అని ఇచ్చి, ఇద్దరి చేతుల్లో ఒక్కో కంట్రోలర్ పెడితే గొడవ సగం తగ్గుతుంది.

అన్నాచెల్లెళ్లు బొమ్మలు పంచుకోవడం ఎలాగో రెండో సినిమా చెప్పింది. ఆట ఆ కథ చెప్పలేకపోయింది గానీ, ఇద్దరికీ చెరో కంట్రోలర్ ఇస్తే అదే పని చేయిస్తుంది. అది జరగని ఇంట్లో మాత్రం సినిమాలో అమ్మ చెప్పినట్టు, కొన్నాళ్లు అంతా డబ్బాలో పెట్టేయడమే మంచిది.