తలతిరుగుటయు మనోవ్యాకులతయు

మార్చి మాసమున పదవ తరగతి పరీక్షలు సమీపించునప్పుడు, ఒక బాలుడో బాలికయో తల పట్టుకొని బడి అరుగుమీద కూర్చుండుట మేము ఏటేట చూచుచున్నాము. "సారూ, నేల తిరుగుతున్నది" అందురు. పెద్దలలో కొందఱు ఎండదెబ్బ యందురు. కొందఱు దిష్టి యందురు. మఱికొందఱు గొంతు తగ్గించి చేతబడి యందురు. ఈ చివరి మాటయే మమ్ము ఈ వ్యాసము వ్రాయ ప్రేరేపించినది.

మన దేహము మూడింటి సాక్ష్యముతో నిలుకడగా నుండును: కన్నులు, పాదములు కీళ్లు, లోపలి చెవి. లోపలి చెవియందు ద్రవముతో నిండిన అర్ధవృత్తాకారపు నాళములు మూడు కలవు. తల కదలినప్పుడు ఆ ద్రవము కదలి మెదడునకు వార్త నందించును. చెవిలో చల్లని నీరు పోసిన ఒకవిధముగను, వెచ్చని నీరు పోసిన వేఱొకవిధముగను తల తిరుగుట గమనించి దీనిని శోధించిన రాబర్ట్ బారానీ యను వియన్నా వైద్యునకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

అయితే చెవికి ఏ రోగమును లేకున్నను భయముచేత తల తిరుగునా? తిరుగును. భయపడినవాడు తానెఱుగకుండ వేగముగా ఊపిరి పీల్చును. అందువలన నెత్తుటిలోని బొగ్గుపులుసు గాలి మితిమించి వెలికిపోవును. మెదడునకు నెత్తురు తెచ్చు నాళములు కుంచించుకొనును. తల తేలిపోవును, వ్రేళ్లు తిమ్మిరెక్కును, గుండె దడదడలాడును. అది చూచి భయము హెచ్చును. భయముతో ఊపిరి మఱింత వేగిరపడును. ఇది గానుగెద్దు నడక. ఎంత నడచినను అచ్చటనే.

ఈ కారణము తెలియనిచోట అనుమానము పుట్టును. 2022వ సంవత్సరము జనవరిలో జగిత్యాలయందు చేతబడి అనుమానముతో ఒక తండ్రిని, ఆతని ఇద్దరు కుమారులను చంపిరి. తెలియని వ్యాధికి పొరుగువానిని కారణము చేయుట ఎంత దూరము పోవునో చూడుడు.

కాబట్టి తల తిరిగినప్పుడు మొదట కూర్చుండవలెను. కదలని వస్తువు నొకదానిని చూచుచు, ముక్కుతో నాలుగు లెక్కించువఱకు మెల్లగా ఊపిరి తీసి, ఆఱు లెక్కించువఱకు విడువవలెను. కడుపు కదలవలెను గాని భుజములు లేవరాదు. ఐదు నిమిషములిట్లు చేసిన చాలమందికి నెమ్మది కలుగును. తగ్గిన పిమ్మట దినమంతయు మంచము పట్టరాదు. మెల్లగా నడచుచుండిననే మెదడు నిలుకడను మరల నేర్చుకొనును.

ఉదయము ఉత్త చాయ త్రాగి బడికి వచ్చు పిల్లలు పలువురు. గట్కయో రొట్టెయో తిని, నీళ్లసీసా తెచ్చుకొనవలెను. రామగుండము ప్రాంతపు ఎండలకు నీరు తక్కువైనను తల తిరుగును. బాలికలకు రక్తహీనత తఱచు గనుక పరీక్ష చేయింపవలెను. రాత్రి నిద్ర మాని చదివిన చదువు పరీక్షనాడు అక్కఱకు రాదు. తల్లిదండ్రులారా, "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "తిన్నావా, పడుకున్నావా?" అని యడుగుడు.

అన్నిటిని భయమే యని త్రోసివేయుటయు తగదు. మాట తడబడినను, ముఖము వంకరపోయినను, చేయి కాలు బలము తగ్గినను, స్పృహ తప్పినను, చెవి హఠాత్తుగా వినబడకపోయినను, ఆలసింపక 108కి పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. మాసముల తరబడి తగ్గని తలతిరుగుడు సైతము వైద్యునకు చూపవలసినదే. దానికి వ్యాయామములు, సలహా, మందులు కలవు. మనసు భారమైనవారికై 2022 అక్టోబరు నుండి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 14416 సంఖ్యయందు ఉచితముగా జరుగుచున్నది, తెలుగున మాటలాడవచ్చును.

బాలబాలికలారా, తల తిరిగెనని చెప్పుటకు సిగ్గుపడకుడు. మా గది తలుపు తెఱచియే యుండును. భయమును దాచుకొన్నవానికంటె చెప్పుకొన్నవానికే కాలు నేలమీద త్వరగా నిలుచును.