బురదనీటికి పటిక: ఎంత, ఎట్లు?

తొలకరి వానలకు కాలువలలోను, చెరువులలోను ఎర్రని కొత్తనీరు వచ్చును. ఆ నీటిని రాత్రియంతయు బిందెలో ఉంచినను చక్కగా తేటపడదు. అందలి బంకమట్టి రేణువులు మిక్కిలి సూక్ష్మమైనవి. వానికి ఋణ విద్యుదావేశము ఉండుటచే ఒకదానినొకటి త్రోసికొనుచు నీటిలో తేలుచుండును.

పటిక అల్యూమినియము, పొటాషియముల సల్ఫేటు లవణము. నీటిలో కరగినప్పుడు అందలి అల్యూమినియము ఈ ఆవేశమును తగ్గించి, జిగురువంటి హైడ్రాక్సైడుగా మారును. మట్టి రేణువులు దానికంటుకొని, దూదిపింజలవలె పెద్దవై అడుగునకు దిగును. పట్టణములలో నీటిని శుద్ధిచేయుచోట్ల అల్యూమినియము సల్ఫేటు చేయు పనియు ఇదియే.

చేయు విధము: 20 లీటర్ల బురదనీటికి సుమారు 1 గ్రాము పటికపొడి తీసికొనుడు. గ్లాసెడు నీటిలో కరగించి బిందెలో పోయుడు. ఒక నిమిషము వడిగాను, తరువాత 5 నిమిషములు మెల్లగాను కలుపుడు. వడిగా త్రిప్పుచునే యున్నచో ఏర్పడిన పింజలు విరిగిపోవును. ఒక గంట కదల్పక ఉంచి, పైతేటను మరియొక బిందెలోనికి వడగట్టుడు. పటిక ఎక్కువ వేసినచో ఎక్కువ తేటపడునని తలపరాదు; నీరు వగరెక్కును.

ముఖ్యముగా గమనింపుడు: తేటనీరెల్ల మంచినీరు కాదు. మట్టితోపాటు కొన్ని క్రిములు అడుగునకు దిగినను, కలరా, టైఫాయిడు కలిగించు క్రిములు పైతేటలో మిగిలియుండవచ్చును. కావున ఆ నీటిని తెర్లునట్లు కాచి చల్లార్చి త్రాగుడు. లేదా క్లోరిను బిళ్లను దానిపై వ్రాసిన మోతాదున వేసి, అరగంట ఆగి త్రాగుడు. పటిక నీటిని తేటపరచును. రోగభయమును తొలగించునది కాచుటయో, క్లోరినో మాత్రమే.